మిట్టమధ్యాహ్నపు ఫోటో

ఎర్ర ఇసుకరాతి ఒంటెబండ కూలి, ఊరి దారికి అడ్డంపడి ఆర్నెల్లయింది. ఫోటోల్లో మాత్రం అది కొండమీద ఠీవిగా నిలబడే ఉంటోంది. ఇప్పటి కెమెరాలన్నీ చూసినదాన్ని తామే పాత ఫోటోల్లో ఉన్నట్టు అందంగా దిద్దేస్తున్నాయి మరి. "బండ పైనే ఉంది గదమ్మా" అంటూ రోడ్ల ఆఫీసరు, జతచేసిన ఫోటో చూసి, రెండుసార్లు ఓబుళమ్మ అర్జీ తిప్పి పంపాడు.

కొండల ఫోటోలు తీసే ఓబుళమ్మ, ఉన్నది ఉన్నట్టే పట్టే తాతనాటి రీలు కెమెరా దుమ్ము దులిపింది. సాయంత్రపుటెండలో తప్ప రాయిని తీయని మనిషి, ఆ రోజు మిట్టమధ్యాహ్నమే తీసింది.

ఫోటో చూసి ఆఫీసరు ముఖం చిట్లించాడు. "బండ మీదుగా మంచమెత్తుకొని పోతాండారు, ఎవరిని?"

"నొప్పులు పడతాన్న నా కోడల్ని, సార్. మనవరాలు పుట్టింది. దాన్నన్నా దారెంబడి ఇంటికి తెచ్చుకోనీండి."

ఈసారి అర్జీ తిరిగి రాలేదు. బండ పగలగొట్టే యంత్రమొచ్చింది.