వెనక గదిలో ఇంకొకరు

కాకినాడలోని ఇంట్లో కూర్చుని భ్రమరాంబ విశాఖ ఆసుపత్రిలో రోబో చేతులను నడిపేది. ఆ చేతులతో మంచం పట్టిన రోగులకు అన్నం తినిపించడం ఆమె ఉద్యోగం. ఆ వారం ఇంట్లో ఫైబర్ నెట్ బాగా నెమ్మదించింది. ఆమె చెయ్యి ఆపిన కాసేపటికి గానీ అక్కడి చెయ్యి ఆగడం లేదు. చివరికి చెంచా తగిలి ఒక ముసలాయన పెదవి చిట్లింది. ఆమె పని ఆపేసి లైన్‌మన్‌ను పిలిపించింది.

అతను కేబులూ రౌటరూ చూశాడు. "లైను బానే ఉందండి. మీ వెనక గదిలో ఇంకో యంత్రం నెట్‌లో సగం పైన లాగేస్తోంది."

"అక్కడ మా ఆయన పడుకున్నారండి."

తలుపు తీస్తే, భర్త ఫణీంద్ర కళ్లకు తొడుగు పెట్టుకుని గాల్లో గిన్నెలు తోముతున్నాడు. ఎక్కడో ఎవరి వంటింట్లోనో ఒక రోబో అలాగే తోముతూ ఉండాలి.

"ఉద్యోగం పోయాక ఊరికే పడుకోలేకపోయానే. చెబితే వద్దంటావని చెప్పలేదు," అన్నాడు.

ఆమెకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. "ఆ ముసలాయన నోట నెత్తురు చూశానండి. ఇద్దరం ఒకేసారి చెయ్యొద్దు," అంది.

మర్నాటి నుంచి పగలు ఆమె, రాత్రి ఫణీంద్ర. నెట్ చురుగ్గా నడిచింది. ఒకరు లేచి ఇంకొకరు కూర్చునే వేళ మాత్రమే ఇద్దరూ ఎదురుపడేవారు.

"పడుకో," అనేవాడు అతను. అంతకు మించి మాట్లాడే శక్తి ఇద్దరికీ ఉండేది కాదు.