కొత్తామె కోసం

“కండ్లు తెరిస్తివా, మల్ల మొదటికాంచి చెయ్యాలె,” అన్నాడు విరూపాక్ష.

భార్య కళ్ళకు కట్టిన తువ్వాలును ఇంకాస్త బిగించాడు. వంటకు వంకలు పెట్టే మొగుళ్ళను అందరం చూశాం. ఆదివారం పూట పెళ్ళాం కళ్ళకు గంతలు కట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టే మొగుణ్ణి మాత్రం జహీరాబాద్ మొత్తంలో ఇతన్నే చూడాలి.

విరూపాక్ష హైదరాబాద్‌లో, అంధుల కోసం పుస్తకాలు అచ్చువేసే ప్రెస్‌లో పనిచేస్తాడు. మామూలు తెలుగును బ్రెయిలీ చుక్కల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి అక్కడ వాడతారు. దాంతోపాటు వచ్చిన గైడు ఇంజనీర్లు ఇంజనీర్ల కోసం రాసుకున్నట్టు ఉంటుంది. దాన్ని తేలిక తెలుగులో తిరగరాస్తున్నాడు. త్వరలో ప్రెస్‌లో చూపులేని ఒకామె చేరబోతోందట. ల్యాప్‌టాప్ గైడును పైకి చదువుతుంటే, విన్నది విన్నట్టు చేస్తూ ఆ కొత్తామె తన పని తాను చేసుకోవాలి. ఎక్కడ తడబడితే అక్కడ గైడు తప్పన్నమాట.

ముందుగా తడబడి చూపించడానికి ఏమీ తెలియని మనిషి కావాలి కదా. భాగీరథి దొరికింది.

ఆమె ఆశ ఆమెకుంది. పెళ్ళయినప్పటి నుంచీ అతను వారానికోసారి బస్సు దిగే మొగుడే గానీ, రోజూ ఇంటికొచ్చే మొగుడు కాడు. “గీ గైడు పాసైతె నా నౌకరి పర్మినెంటు. నిన్ను హైదరాబాద్ తోల్కపోత,” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఎన్ని తిట్లయినా పడుతోంది.

ఈ మధ్య మనిషి కాస్త మారాడు కూడా. ఆమె తలనొప్పి అంటే వినీ విననట్టు ఉండేవాడల్లా, తనే వెంటబెట్టుకుని కళ్ళద్దాల కోసం పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాడు. వచ్చేటప్పుడు గాజులు కొనిపెట్టాడు. అద్దాలు ఇంకా తయారు కాలేదు గానీ, గాజులు చూసుకునే మురిసిపోతోంది పిచ్చిది.

“కుడివైపున్న నీలం రంగు బటన్ నొక్కండి,” అంది ల్యాప్‌టాప్.

భాగీరథి ఫక్కున నవ్వింది. “సూపులేనామెకు నీలమేంది, ఎర్రదేంది? ఏ మీట ఒత్తాల్నో గది చెప్పున్రి.”

అతను నవ్వలేదు. ఆ వాక్యం మాత్రం మార్చాడు.

రోడ్డు మీద చెరకు లారీలు వరసగా పోతున్నాయి. ఆ మోతలో ల్యాప్‌టాప్ మాట సరిగా వినపడక ఒక మీటకు బదులు ఇంకొకటి నొక్కింది. టైపు చేసిందంతా చెరిగిపోయింది. వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటిచ్చాడు.

“ఆడ పక్కన ఎవలుంటరు నీకు చెప్పనీకె?”

గంతల కింద కళ్ళనీళ్ళు వచ్చాయి. తువ్వాలు పీల్చుకుంది. ఆమె మనసు ఎలాంటిదంటే, దెబ్బ తనకు తగిలినా బాధ ఇంకొకరి మీదికి పోయింది.

“గా కొత్తామె ఎవలో గని పాపం. గింత కష్టం ఎట్ల పడ్తదో?”

“పడ్తది.”

“ఆమెకు ఎవ్వలు లేరా?”

“లేరనుకో. ఆగకు, కానీ.”

“అయితె గిట్ల రాయున్రి. తప్పు మీట ఒత్తితె బుగులుపడకమ్మా, గీ మీట ఒత్తు, పోయింది మల్ల వస్తది అని. జర చెల్లెకు చెప్పినట్టు చెప్పాలె.”

అతను రాసుకున్నాడు. అలా ఆదివారాలు గడిచేకొద్దీ గైడు నున్నబడింది. అతను తెచ్చిన కాగితాల మీద వేళ్ళు ఆడించి, చుక్కలు తడిమి చదవడం కూడా ఆమెకు పట్టుబడింది. కొత్తామెకు ఇది రావాలంటే ముందు తనకు రావాలని పట్టుదల.

ఒక ఆదివారం మూడో తరగతి పాఠం ఒకటి మొదట్నుంచి చివరిదాకా టైపు చేసి, చుక్కల్లోకి మార్చి, ఫైలు సేవ్ చేసింది. ఒక్క తప్పు లేదు. ఒక్కసారి అతన్ని అడగలేదు. తువ్వాలు తనే విప్పుకుంది.

“పాసేనా?”

“పాసే.” విరూపాక్ష గట్టిగా ఊపిరి వదిలాడు. “బట్టలు సదురుకో. రేపే పోదం.”

భాగీరథి కాలు నేల మీద నిలవలేదు. లోపలికి పరుగెత్తి రాయికోడ్‌లో ఉన్న తల్లికి ఫోన్ చేసింది. “అమ్మా, మీ అల్లుడు నన్ను తోల్కపోతున్నడే! ఇగ నాకు ఏ ఫికరు లేదు!”

ఆ కేక విని విరూపాక్ష వీధి తలుపు దగ్గరికి వేసి, బయట నిలబడి తనూ ఒక నంబరు కలిపాడు.

“వార్డెన్ మేడమ్, మీరన్నట్టే మా ఆమెకు పని పూరా నేర్పిచ్చిన, రేపు తెచ్చి మీ అంధుల హాస్టల్‌ల ఇడిశిపెట్టి పోత, ఏడాది తిరక్కముందే కండ్లు పోతయని డాక్టర్ చెప్పిన ముచ్చట మాత్రం ఆమెకు మీరే జర నిమ్మళంగ చెప్పున్రి.”