తోడి గాంధారం

"ఆపు," అన్నాడు జయరామయ్య. "చేతులు ఇట్టా పెట్టు."

జబీనా వేణువు ఒళ్లో పెట్టుకుని భయంభయంగా చేతులు చాపింది. ఆయన ఒక్కో వేలి కొసా నొక్కి చూశాడు. చర్మం నాని, తెల్లగా పాలిపోయి ఉంది. గోటితో గట్టిగా గుచ్చాడు. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"గుచ్చేది తెలస్తా ఉందా?"

"తెలస్తా ఉంది అయ్యోరూ."

"నేను గుచ్చడం ఆపి చానా సేపయింది."

జబీనా తల దించుకుంది. ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పేసింది. నాన్న మదార్, లారీ మీంచి పడి మంచం పట్టాడు. రెండు నెలలుగా తను మనుబోలు దగ్గర, హైవే పక్కనున్న షెడ్డులో ఐసు నీళ్లలో రొయ్యలు కడుగుతోంది. ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆ కూలితోనే.

పదేళ్లుగా జయరామయ్య నేర్పిన విద్యంతా ఆ వేలి కొసల్లోనే ఉందని జబీనాకూ తెలుసు. తోడి రాగంలో గాంధారం పలకాలంటే రంధ్రం మీద వేలు ఎత్తీ ఎత్తనట్టు ఊగాలి. ఎంత ఎత్తిందీ వేలికే తెలియాలి. ఇవాళ గంట నుంచీ వాయిస్తున్నా ఆ స్వరం ఒక్కసారి కూడా నిలబడలేదు. రేడియో ఆడిషన్ చూస్తే ఇంకో ఇరవై రోజుల్లో ఉంది.

"ఐసన్నా మానుకో, వేణువన్నా మానుకో. రెండూ కుదరవు," అన్నాడు చివరికి.

ఒక్క వారం మానేసినా ఆ చోటు ఇంకొకరికి పోతుందనీ, గేటు బయట పని కోసం రోజూ పది మంది నిలబడి ఉంటారనీ జబీనా చెప్పుకుంది. ఆయన వినలేదు. ఇంకో నెల ఇట్లాగే సాగితే ఈ వేళ్లు అన్నం కలుపుకోవడానికి తప్ప దేనికీ పనికిరావన్నాడు. ఇట్లాంటి చేతులతో తన ముందు కూచోవద్దన్నాడు.

జబీనా వేణువు తీసుకుని లేచింది.

"అయితే రేపట్నించి నేను రాను అయ్యోరూ."

ఆపుతాడేమోనని ఆశపడింది. ఆయన గోడ వైపు తిరిగి కూచున్నాడు. గడప దాటి వీధి చివరి దాకా నడిచినా వెనక నుంచి పిలుపు రాలేదు. ఇంటికొచ్చి, వేణువును తన కంటికి కనపడని చోట ఎక్కడన్నా పెట్టమని తల్లి జాన్‌బీ చేతికిచ్చేసింది. అన్నం సయించక అట్లాగే పడుకుంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోతే సూపర్‌వైజరు ఫ్లోరా గేటు దగ్గరే ఆపింది.

"నీ చోట్లో వేరే మనిషిని పెట్టుకున్నాం జబీనా. నువ్వింక రావంట గదా."

తను అట్లా ఎవరితోనూ అనలేదని జబీనా మొత్తుకుంది. నిన్న వేణువు పోయింది, ఇవాళ కూలి కూడా పోయింది. తన నోటి దగ్గరి కూడు లాక్కున్నది ఎవరో చూడాలని ఫ్లోరాను తోసుకుని లోపలికి పోయింది.

తను రోజూ నిలబడే తొట్టి దగ్గర జయరామయ్య నిలబడి ఉన్నాడు. తలకు ప్లాస్టిక్ టోపీ, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. పదేళ్లుగా తను చూసి నేర్చుకున్న ఆ వేళ్లు ఐసు ముక్కల మధ్య ఎర్రగా కదులుతున్నాయి. తను వచ్చిందని తెలిసి కూడా ఆయన తల ఎత్తలేదు.

తనను మానుకోమన్నది ఇందుకా?

వెనకే వచ్చిన ఫ్లోరా ఆమె భుజం మీద చెయ్యేసి, మెల్లగా గేటు వైపు తిప్పింది.

"తెల్లారకముందే వచ్చి గేటు కాడ కూచోనున్నాడు. కూలి మాత్రం వారం వారం మీ అమ్మ చేతికే ఇయ్యమన్నాడు."