సినిమా చూసి ఏడ్చిన కొడుకు

సోమమ్మ చచ్చిపోయిందన్న సంగతి తొమ్మిది లక్షల మందికి తెలిశాక గాని సోమమ్మకు తెలియలేదు.

ఆదివారం పొద్దున కొత్తపేట రైతు బజారు గేటు పక్కన ఆకుకూరల గంప దించుకుంటోంది. పోయినేడు దాకా పక్క పోర్షన్‌లో అద్దెకున్న సూర్యప్రభ ఆమెను చూసి కెవ్వుమని కేకేసింది. తేరుకున్నాక ఫోన్ తీసి చూపించింది.

ఫోన్‌లో సోమమ్మ కొడుకు మహేందర్. దిల్‌సుఖ్‌నగర్‌లో థియేటర్ ముందు, శుక్రవారం మార్నింగ్ షో వదిలాక, మైకు ముందు నిలబడ్డాడు.

“ఫస్టాఫ్ జర లాగ్ ఉంది బ్రో. కామెడీ ఓకే. కానీ క్లైమాక్స్‌ల తల్లి సచ్చిపోతది సూడు... ఆర్నెల్ల కింద మా అమ్మ గట్లనే పోయింది బ్రో. తెర మీద మా అమ్మనే కనవడ్డది.”

అంతే, భోరుమన్నాడు. మైకు పట్టుకున్న అమ్మాయి కూడా కళ్లు తుడుచుకుంది.

“ఎంత బాగా ఏడ్చాడండీ మీ వాడు! అది చూసే మా ఆయన ఆ సినిమాకి టికెట్లు బుక్ చేశారు. మీరు నిజంగానే పోయారనుకున్నామండీ” అంది సూర్యప్రభ, కాస్త నొచ్చుకున్నట్టే.

సోమమ్మ ఒక్క కట్ట కూడా అమ్మలేదు. గంప నెత్తికెత్తుకుని ఎల్బీనగర్ ఇంటికి వచ్చిపడింది.

ఇంట్లో మహేందర్ స్టూలెక్కి గోడకు మేకు కొడుతున్నాడు. చంకలో ఫ్రేము కట్టించిన ఫొటో. పెళ్లినాటి సోమమ్మ, పక్కన పెళ్లికొడుకును కత్తిరించేశారు. ఫొటోకు ప్లాస్టిక్ పూలదండ.

“ఎవరికిరా గా దండ?”

“నీకే. స్టూలు ఊగుతుంది, జర పట్టుకో.”

పడతాడేమోనని పట్టుకుంది. తల్లి కదా, చేతులు ఆగలేదు.

“బతికున్నదాన్ని సంపుడేందిరా?”

“నిజంగ సంపిన్నా ఏంది? నలభై సినిమాలకు చెప్పిన, ఇది బాగుంది, ఇది బాలేదు అని. ఒక్కడన్న సూశిండా? ఒక్క ఏడుపుకు తొమ్మిది లక్షల మంది సూశిండ్రు.”

“అంత మంచిగున్నదా సినిమా?”

“ఏమో. సెకండాఫ్‌ల నిద్ర పట్టింది.”

ఆ మాటకు సోమమ్మ మనసు చివుక్కుమంది. తన కోసం సరే, వీడు కనీసం ఆ సినిమాలో తల్లి కోసమైనా ఏడవలేదన్నమాట.

మహేందర్ ఫొటో మేకుకు తగిలించి స్టూలు దిగి, వంకర పోయిందేమో దూరం నుంచి చూసుకున్నాడు. “పదకొండింటికి ఛానెలోళ్లు వస్తున్నరు. లైవ్. మంచిగొస్తే నన్నే యాంకర్‌గ పెట్టుకుంటరంట. నువ్వు బాటసింగారం పెద్దమ్మ ఇంటికి పో. నెల దాంక ఇటు రాకు.”

“వాడకట్టోళ్లు సెప్పరా?”

“పావుగంటే లైవ్. తలుపు పెడ్త.”

“బిడ్డా, నేను నిన్నేమనను. మా అమ్మ బతికే ఉన్నదని ఒక్క మాట చెప్పు. తప్పు మాట్లాడిన అను. సాలు.”

“పిచ్చి లేసిందా? నా బతుకు కరాబైతది.”

“మరి నా బతుకు?”

“నీదేముంది? నువ్వెవరో ఎవ్వరికి ఎర్క?”

సోమమ్మ లోపలికి వెళ్లింది. రెండు చీరలు సంచిలో కుక్కుకుంది. పోయేముందు రాత్రి గిన్నెలన్నా తోమి పోదామని వంటింట్లో కూర్చుంది. ఇంతలో తలుపు చప్పుడైంది. ఛానెల్ వాళ్లు అరగంట ముందే దిగిపోయారు. మైకుతో యాంకర్ తన్మయి, వెనకాల కెమెరా పట్టుకున్న మనిషి. అప్పటికే లైవ్ నడుస్తోంది.

తడి చేతులతో వంటింటి గుమ్మంలోకి వచ్చిన సోమమ్మను చూసి తన్మయి అడిగింది. “ఈవిడెవరు మహేందర్?”

మహేందర్ కన్నార్పలేదు. “పనామె. బోళ్లు తోముతది.”

సోమమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఒక్కసారి ఇటు చూస్తాడేమో, కళ్లతోనైనా తప్పైందమ్మా అంటాడేమో అనుకుంది. వాడు ఫోన్‌లో ఎంతమంది చూస్తున్నారో చూసుకుంటున్నాడు.

“అమ్మ ఎంత అందంగా ఉన్నారో!” తన్మయి ఫొటో ముందు నిలబడి గొంతు తగ్గించింది. “ఆ క్లైమాక్స్ చూస్తుంటే మీకేం గుర్తొచ్చింది?”

“ఆఖరికి మా అమ్మ నా చెయ్యి పట్టుకున్నది అక్కా...” అంటూ మహేందర్ ఫొటో కింద కూలబడి ఏడ్చాడు. ఈసారి శుక్రవారం కంటే బాగా వచ్చింది. వాణ్ణి కన్నందుకు సోమమ్మకు అసహ్యం వేసింది.

తన్మయి మైకు ఇటు తిప్పింది. “మీరు ఈ ఇంట్లో ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారమ్మా?”

“గీ పిల్లగాడు పుట్టినప్పటి సంది.”

మహేందర్ వెక్కిళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలయ్యాయి.

“అయితే ఆవిడ పోయిన రోజు మీరు ఇక్కడే ఉన్నారా?”

“ఈడనే ఉన్న.”

“ఆ రోజు ఏం జరిగిందో మన ప్రేక్షకులకు చెప్తారా?”

తన్మయి వెనక నుంచి మహేందర్ సైగ చేశాడు. ఏడువు, జర ఏడువు అని. సోమమ్మకు ఏడుపు అడగకుండానే వచ్చింది. తడి చేతులతోనే కళ్లు తుడుచుకుని, మైకుకు దగ్గరగా జరిగింది.

“ఏం చెప్పాలె బిడ్డా! అన్నంల పురుగుల మందు కలిపి గీ కొడుకే సంపిండు. గా కంచం తోమింది నేనే.”