గురువారం బాబాయి

"మా పిన్నికి చెవులు సరిగ్గా వినబడవమ్మా. వినికిడి మిషను తక్కువలో ఎక్కడైనా దొరుకుతుందా?"

గ్రంథాలయంలో ఓ మూల వేసిన బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. బల్ల మీద 'సహాయ సమాచార కేంద్రం' అన్న పలక పెట్టి మూడు వారాలైంది. ఊళ్ళో ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో, దానికి ఏ కాగితాలు కావాలో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా బాత్రూమ్ ఎటువైపని అడిగి వెళ్ళినవాళ్ళే. నిజంగా సాయం అడిగిన మొదటి మనిషి ఈయన. యాభై దాటిన వయసు, కాలరు అరిగిన చొక్కా, చేతిలో మడత పెట్టిన సంచి.

ఆమె రెండు చోట్లకు ఫోన్ చేసింది. చెవి పరీక్ష ఏ రోజు చేస్తారో, మిషన్లు ఇచ్చే సంఘం ఏ వీధిలో ఉందో చీటీ మీద రాసి, కింద తన బల్ల మీది ఫోను నంబరు కూడా వేసి ఇచ్చింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, అర్థంకాని మాట ఒకటి అడిగి తెలుసుకుని, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

మరుసటి గురువారం మళ్ళీ వచ్చాడు. గురువారాలు ఆయనకు సెలవట. పిన్నికి పరీక్ష అయిందని చెప్పి, అన్నయ్య సంగతి ఎత్తాడు. ఒక కాలు లేదు, కర్రల మీద నడిచి నడిచి భుజాలు పోయాయి, చక్రాల కుర్చీ అరువిచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఆపై వారం చెల్లెలి వంతు. చంకలో పసిబిడ్డతో పని వెతుక్కుంటోంది, బిడ్డను పగలంతా చూసుకునే చోటు కావాలి. ఆ తర్వాత మేనకోడలి నత్తికి వైద్యం.

ఆమె ఆయనకు మనసులో 'గురువారం బాబాయి' అని పేరు పెట్టుకుంది. ఓ రోజు నోరు జారి పైకే అనేస్తే ఆయన మురిసిపోయాడు.

పెద్దమ్మ విషయమే తేలిగ్గా తెమల్లేదు. ఆవిడ ఎక్కడికని బయల్దేరిందో దారిలోనే మరిచిపోతోందట. మతిమరుపున్నవాళ్ళను పగటిపూట కనిపెట్టుకుని ఉండే కేంద్రాలు మూడుంటే, మూడింట్లోనూ ఖాళీ లేదన్నారు. ఆమె మధ్యాహ్నం భోజనం మానుకుని మూడో చోటికి స్వయంగా వెళ్ళి, నిర్వాహకురాలి ఎదుట గంటసేపు కూర్చుని, ఒక్క చోటు సంపాదించింది. ఆ సంగతి చెప్పగానే బాబాయి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఈ కబుర్లన్నీ ఆమె ఇంట్లో అమ్మతో చెప్పేది. కష్టాలన్నీ మూటగట్టి ఒక్క గుమ్మంలోనే దించినట్టున్నాడే ఆ దేవుడు, అని అమ్మ నిట్టూర్చేది. ఒకసారి అమ్మాయి ఉండబట్టలేక ఆయన్నే అడిగేసింది.

"ఇంతమందిని మీరొక్కరే ఎలా మోస్తున్నారు బాబాయ్?"

"మోయడం నాకు అలవాటేనమ్మా," అని నవ్వేశాడాయన.

ఆయన దగ్గరి చీటీలు చూసి ఇంకెవరెవరో బల్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఎవరూ రావడం లేదని బల్ల ఎత్తేద్దామనుకున్న అధికారి ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తన ఉద్యోగం నిలబడింది బాబాయి వల్లేనని ఆమెకు తెలుసు. ఆ మాట ఆయనతో చెప్పాలని ఎన్నిసార్లో అనుకుంది.

ఒక గురువారం ఆయన రాలేదు. ఆ మరుసటి గురువారమూ రాలేదు. శుక్రవారం పొద్దున ఫోను మోగింది.

"అమ్మా, నాకు చక్రాల కుర్చీ ఇప్పించింది మీరే కదూ? మా తమ్ముడు మెట్ల మీంచి జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది."

ఆపరేషన్ అయిందట. నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తారు గానీ రెండు నెలల దాకా కాలు కింద పెట్టకూడదు. ఇంటికే వచ్చి చూసుకునే నర్సులు ఉంటారా అని ఆ అన్నయ్య అడిగాడు. ఆమె ఆ సాయంత్రమే దరఖాస్తు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

వార్డులో ఆ ఒక్క మంచం చుట్టూ సంతలా ఉంది. ఎవరూ చెప్పకుండానే అందరినీ పోల్చుకుంది. చెవిలో మిషనుతో పళ్ళు ఒలుస్తున్నది పిన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పేపరు చదివి వినిపిస్తున్నది మేనకోడలు. కాలికేమైందని రెండు నిమిషాలకోసారి అడుగుతున్నది పెద్దమ్మ. బాబాయి ప్రతిసారీ అప్పుడే అడిగినట్టు జవాబు చెబుతున్నాడు. రెండు పూటలా వంట తనదంటోంది బిడ్డనెత్తుకున్న చెల్లెలు. పగలంతా పక్కన కూర్చునే పని తనదని, ఎటూ కూర్చునే ఉంటానని కుర్చీలోని అన్నయ్య అనడంతో అందరూ నవ్వారు.

చీటీలమ్మాయి వచ్చిందని బాబాయి చెప్పగానే పిన్ని లేచి వచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"ఏదీ, ఒక్క మాట మాట్లాడు తల్లీ. నీ గొంతు వినాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా."

"వినబడుతోందా పిన్నిగారూ?" అందామె. తర్వాత స్టూలు మంచం దగ్గరకు లాక్కుని కాగితం తీసింది.

"ఇవాళ మీ వంతు బాబాయ్. మీ వల్లే నా బల్ల నిలబడింది, మీ ఇంటికి నర్సును తెప్పించే పూచీ నాది. కుటుంబ సభ్యులను రాయడానికి ఇందులో నాలుగే గళ్ళున్నాయి, మీకు చాలవు. వెనకవైపు కూడా రాస్తాను. ముందు పిన్నిగారి పేరు చెప్పండి."

బాబాయి మంచం చుట్టూ ఒకసారి కలియజూశాడు. తర్వాత ఆమెకు మాత్రమే వినబడేలా, కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు.

"వీళ్ళంతా నేను నడిపే బస్సెక్కేవాళ్ళమ్మా."