ఆషాఢంలో ఆగిన కారు

కారు దగ్గింది. తుమ్మింది. ఒళ్లంతా ఓసారి వణికించుకుని సరిగ్గా పైడయ్య ఇంటిముందే చతికిలపడింది. దిగినవాడు కొత్త అల్లుడు బుజ్జిబాబు.

అసలే ఆషాఢం. కూతురు రత్నాలుని నెల్లాళ్లకని డుంబ్రిగుడ తెచ్చుకున్నారు. ఆ నెల తిరిగేదాకా కొత్త అల్లుడు అత్తగారి గడప దాటకూడదు. దాటితే అత్తకి కీడు.

అత్తగారు అచ్చియమ్మ చేట అడ్డం పెట్టుకుని మొగుడి మీద విరుచుకుపడింది.

"ఏటయ్యా అలా సూత్తన్నావు? ఆసాడం పూట అల్లుడు గుమ్మంలోకొచ్చీసినాడు! బేగి బాగుసేసి అంపించీ!"

"కావాలని రాలేదు మావా," అన్నాడు బుజ్జిబాబు, చూపులు మాత్రం కిటికీలో మెరిసిన గాజుల మీద పెట్టి. "ఎస్.కోట నుంచి పాడేరు ఎల్తన్నాను. ఘాటీ ఎక్కుతుంటే ఇంజను మిస్సింగు మొదలెట్టింది. స్లోలో నిలబడదు. పికప్ లేదు."

నమ్మినవాడు ఒక్కడూ లేడు. ఎదురుగా టీకొట్టు యర్రయ్య అయితే పకపకా నవ్వేశాడు.

అయినా రోగమొచ్చింది ఎవరింటి ముందు? పైడయ్య ఇంటి ముందు! ఘాటీ మీద జన్మంతా లారీలు తోలినవాడు. ఎగువన బండి మూలిగితే దిగువన మంచమ్మీద పడుకునే ఏ ప్లగ్గు కొట్టడం లేదో చెప్పేసేవాడు. ఆయనకి అన్నం పెట్టిన లారీలు ఎప్పుడో తుక్కుకి పోయాయి. ఇక మిగిలిందల్లా ఆ పేరొక్కటే.

పైడయ్య బానెట్ ఎత్తి చెవి ఒగ్గాడు. ప్లగ్గులు విప్పి మసి గోకాడు. పాయింట్లకి గరుకు కాగితం రాశాడు. కార్బొరేటర్ జెట్టు నోటితో ఊదాడు. మధ్యాహ్నం తిరిగేసరికి ఇంజను పిల్లిలా గుర్రుమంది.

"వానలో బయల్దేరొద్దు అల్లుడూ. పొద్దున్నే ఎల్దువు," అన్నాడు పైడయ్య.

గడప దాటకూడదు గానీ మర్యాద దాటొచ్చునా? యర్రయ్య అరుగు మీద అల్లుడికి విడిది ఏర్పాటైంది. నాటుకోడి తెగింది. పెళ్లాం మొహం చూడకూడదు కాబట్టి క్యారేజీ మోసే పని పైడయ్యకి పడింది. కొత్త అల్లుడు ఒంటరిగా తింటే ఊరు నవ్వుతుంది కాబట్టి, పక్కన కూర్చుని తినే పనీ ఆయనకే పడింది.

మర్నాడు పొద్దున కారు మళ్లీ వణికింది.

"పెట్రోల్లో నీలున్నాయి," అన్నాడు పైడయ్య. ట్యాంకు ఖాళీ చేసి గుడ్డలో వడగట్టాడు. సాయంత్రానికి బాగుపడింది. మరో కోడి తెగింది. తెల్లారేసరికి మళ్లీ అదే దగ్గు.

"సలికి కాయిల్ నిమ్మెక్కింది," అన్నాడు. అచ్చియమ్మ కొత్త రగ్గు తెచ్చి ఇంజనుకి కప్పింది. ఇంట్లో చంటిపిల్లకైనా ఆ వైభోగం జరగలేదు. అయినా తెల్లారేసరికి కారుకి మళ్లీ వణుకే.

అచ్చియమ్మకి అనుమానం ఖాయమైపోయింది.

"అల్లుడే ఏదో సేత్తన్నాడయ్యా! గుంట మీద బెంగతో రేతిరేళ లేసి ఏదో పీకేత్తన్నాడు!"

"సత్తె పెమాణకంగా నాకు బానెట్ ఎత్తడమే రాదత్తా!" అని వీధిలోంచే మొత్తుకున్నాడు బుజ్జిబాబు.

దొంగని పట్టాలని ఆ రాత్రి పైడయ్య కారులోనే పడుకున్నాడు. యర్రయ్య అల్లుడికి కాపలా కాశాడు. అల్లుడు కదల్లేదు, గురక ఆపలేదు. కారు దగ్గరికి పురుగైనా రాలేదు. పొద్దున్న తాళం తిప్పితే ఇంజను మునుపటికన్నా ఘోరంగా ఎగిరిపడింది. దాంతో అల్లుడు ఆణిముత్యమని అందరూ ఒప్పుకున్నారు.

నింద ఇక పైడయ్య మీదికి మళ్లింది. సంతకొచ్చిన జనం కారు చుట్టూ మూగారు.

"మావకి సెవుడొచ్చీసిందిరా!" అన్నాడు యర్రయ్య. "లారీలు కాబట్టి సెల్లింది గానీ, కారు రోగం ఈయనకేటి తెలుత్తాది!"

జనం గొల్లుమన్నారు. పైడయ్య తల ఎత్తలేకపోయాడు. ఆ నవ్వు ఆయనకి నిజంగానే ములుకులా గుచ్చుకుంది. మొగుణ్ణి అంతమంది నవ్వడం చూసి అచ్చియమ్మకి కూడా కళ్లనీళ్లు తిరిగాయి.

"పోనీలేయ్యా," అంది మెల్లగా. "నీకు సేతకాలేదని ఒప్పీసుకో. కోట నుంచి మెకానిక్కుని పిలిపిద్దాం. పేరుదేముంది?"

జన్మలో తన బండి మీద మరొకడి చెయ్యి పడనివ్వని మనిషి. నలుగురి ముందూ నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అవును, నా వల్ల కాలేదు," అన్నాడు. "ఈ ఇంజను నాకంటే గట్టిది. మెకానిక్కుకి కబురెడదాం. వచ్చీ సంతకి వత్తాడు."

యర్రయ్యకే జాలేసి నవ్వు ఆపేశాడు. అచ్చియమ్మ కళ్లొత్తుకుంటూ వెళ్లి క్యారేజీ సర్ది తెచ్చింది. పైడయ్య అది పుచ్చుకుని, కాళ్లీడ్చుకుంటూ వీధి దాటి, అరుగు మీద అల్లుడి పక్కన చతికిలబడ్డాడు.

డాక్టరు మాట పట్టుకుని ఏడాదిగా మొగుడి కంచంలో చోడి అంబలి తప్ప మరోటి పడనివ్వని అచ్చియమ్మ ఇటు చూడటం లేదని రూఢి చేసుకుని, పైడయ్య కోడికాలు తీరిగ్గా చీకుతూ, రేపు తెల్లారగట్ల ఆ కార్బొరేటర్ నట్టుని ఇంకెన్ని చుట్లు వదులు చెయ్యాలా అని ఆలోచనలో పడ్డాడు.