తడి గోనెపట్టా

కారు అమ్మేశాక ఖాళీ అయిన రేకుల షెడ్డులో సరదాకి చెక్క కుర్చీలు చేసుకునేవాడు ముసలాయన. లోపల పెనం మీద కూర్చున్నట్టుండేది. భార్య రోజూ కిటికీకి కట్టిన గోనెపట్టా తడిపి, దాని ముందు ఫ్యాను పెట్టేది.

"ఆరిపోతే పిలవండి, నోరు పెగిలితే" అని దెప్పేది.

ఆమె స్నానాలగదిలో జారిపడి, పిలిచి పిలిచి ప్రాణం విడిచిన రోజు, ఫ్యాను హోరులో తనకేమీ వినపడలేదనే అందరికీ చెప్పాడు.

ఏడాదిగా ఆ పట్టాను ఎవరూ తడపలేదు. ఈ రాత్రి మాత్రం ఫ్యాను గాలి చల్లగా తగిలింది. చిత్రిక పట్టడం ఆపి, లేచి పట్టాను ముట్టుకున్నాడు. నీళ్లు కారుతున్నాయి.

"ఇప్పుడెందుకొచ్చావు?" అన్నాడు విసురుగా.

ఇంట్లోంచి ఎవరో పిలిచినట్టయింది. ఫ్యాను ఆపితే స్పష్టంగా వినపడుతుంది. చెయ్యి స్విచ్చు దాకా వెళ్లింది.

ఫ్యాను వేగం పెంచాడు.